కాఫీగారు వచ్చేశారండి

మా బావగారికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద ఘోరం అక్షరదోషం. వరదలూ యుద్ధాలూ దాని తరవాతే. జీవితమంతా బడిలో భాష పాఠం చెప్పి రిటైరయ్యారు గాని, ఆ రిటైరైన సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఇంకా అలాగే ఉంటుంది. మా డేగూ ఊళ్ళో ఏ హోటలు గోడ మీదైనా పులుసు పేరుకి గుణింతం తప్పితే కుర్చీ ఎక్కి మరీ దిద్దుతారు. హోటలువాళ్ళు అందుకు మురిసిపోతారని ఆయన నమ్మకం.

పేరు ప్యో గ్యూచల్. ఊరంతా ప్యో మాస్టారు అంటుంది. మా అక్క ఓక్‌బున్ ఆయన్ని ‘ఏమండీ’ అంటుంది. ఆయన మా అక్కని ‘ఇదుగో’ అంటారు. పెళ్ళయిన కొత్తలో సిగ్గుపడి అలా పిలుస్తున్నారనుకున్నాం. పాపం, ఆ సిగ్గు నలభై ఏళ్ళయినా తీరలేదు. ‘ఇదుగో, నీళ్ళు.’ ‘ఇదుగో, నా కళ్ళజోడేదీ?’ కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా మా అక్క పేరే ‘ఇదుగో’ అనుకోవాలి.

నా పేరు మల్సూన్. నాలుగోసారీ ఆడపిల్లే పుట్టేసరికి ఇక చాలు బాబోయ్ అనుకుని, ‘ఆఖరిది’ అని అర్థం వచ్చేలా మా నాన్న పెట్టిన పేరు. సొమూన్ బజారులో బట్టలు కురచచేసే కొట్టు నాది. పెళ్ళి చేసుకోలేదు. బావగారి కాపురాన్ని మరీ దగ్గరినుంచి చూసిన పుణ్యం.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పాత పుస్తకాలన్నీ తవ్వి, ప్రేమ అని అర్థం వచ్చే పాతకాలపు మాట వెతికి, దాసొమ్ అని పెట్టారు బావగారు. అంత ప్రేమగా పేరు పెట్టిన మనిషి రెండేళ్ళుగా ఆ కూతురి ముఖం చూడలేదు.

జరిగిందేమిటంటే, దాసొమ్ బంగారంలాంటి సర్కారు ఉద్యోగం మానేసి, మూలికల బజారు వెనక సందులో కాఫీకొట్టు పెట్టుకుంది. బావగారు నెల్లాళ్ళు అన్నం సహించనట్టు ముఖం పెట్టి, చివరికి కొట్టు తెరిచే రోజున వచ్చారు. కొట్టు నిండా జనం. ఒకావిడకి కాఫీ అందిస్తూ మా పిల్ల, ఊళ్ళో కాఫీకొట్ల పిల్లలందరూ అనేటట్టే, “మీ కాఫీగారు వచ్చేశారండి” అంది. అంతే. బావగారు లేచారు. “కాఫీ నీకు మేనమామా? మనుషులు వస్తారు. కాఫీ వస్తుంది. చెప్పు, కాఫీ వచ్చింది. ఇంకోసారి. ఇంకోసారి.” నలుగురిలో, ముప్పై ఏళ్ళు దాటిన పిల్ల చేత, మూడుసార్లు చెప్పించారు. మూడోసారి చెప్పాక దాసొమ్ పళ్ళెం కింద పెట్టి, “మాస్టారూ, మీరు వెళ్ళండి” అంది. నాన్నా అనలేదు. ఆ ఒక్క మాటలో వ్యాకరణం ఎంత సరిగ్గా ఉన్నా బావగారికి నచ్చలేదు.

ఇక మా అక్క సంగతి. ఈమధ్య మా ఊరి పెద్దవయసు ఆడవాళ్ళు కొత్తమాట ఒకటి నేర్చారు. విడాకులు కాదు, కోర్టూ లేదు, గొడవా లేదు. పెళ్ళి అనే చదువు పాసైపోయి బయటికి రావడమట. ఆయన ఆ ఇంట్లో, ఈవిడ ఈ ఇంట్లో. పండగకి కలిసి భోంచేస్తారు. పోయిన వారం అక్క నా కొట్టుకొచ్చి, కుట్టుమిషను పక్కన కూచుని, మామూలుగా ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పింది.

“మల్సూన్, నేను పాసైపోతానే.”

“ఈ వయసులో ఏం పరీక్ష రాశావక్కా?”

“ఇంకొక్కటి మిగిలింది. ఆదివారం ఆయన్ని తీసుకుని దాసొమ్ కొట్టుకి వెళ్తున్నా. దాన్ని మళ్ళీ నలుగురిలో దిద్దకుండా కాఫీ తాగితే ఆయనతో ఇంటికొస్తా. దిద్దారో, దాని మేడమీద గది ఖాళీగానే ఉంది, నేనక్కడే ఉండిపోతా.”

“ముందే చెప్పెయ్యొచ్చుగా ఆయనకి?”

“చెప్తే భయపడి నోరు మూసుకుంటారు. భయానికి మూసిన నోరు నాకెందుకే?”

అలా ఆదివారం మా ముగ్గురి షికారు ఖాయమైంది. పొద్దున్నించీ తీరిగ్గా తింటూ, తిరుగుతూ, సాయంత్రానికి దాసొమ్ కొట్టు చేరాలి. ఉపాయం నాదే. కడుపు గొంతుదాకా నిండిన మనిషికి దిద్దే ఓపిక ఉండదని నా లెక్క. అక్క తన బట్టల సంచీ నా చేత మోయించింది. అందులో రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, గింజల పొట్టు నింపిన తన దిండు. ఆ దిండు లేకపోతే అక్కకి కన్ను మూతపడదు. తల అటు తిప్పినా ఇటు తిప్పినా గరగరమంటుంది.

మొదట ఎర్రపులుసు హోటలుకెళ్ళాం. గొడ్డుమాంసం, ముల్లంగి, ఉల్లికాడలు తెల్లవార్లూ ఉడికించిన పులుసు ఒక గిన్నెలో, అన్నం వేరే గిన్నెలో పెడతారు. బావగారు ఇంకా చెప్పులు విడవకుండానే గోడ మీది పలక చూశారు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. యజమానురాలు వంటింట్లోంచే కేకేసింది.

“మాస్టారూ, మీరు పోయినసారి దిద్దింది మా కోడలు మళ్ళీ ఎప్పట్లా రాయించింది. కొత్త అక్షరం చూసి జనం ఇది వేరే పులుసేమో అని వెళ్ళిపోతున్నారంట. మీకు దణ్ణం పెడతా, పెన్ను లోపల పెట్టండి.”

“తప్పుకి అలవాటు పడ్డంతమాత్రాన అది ఒప్పవుతుందా?”

“అవదండీ. పులుసు చల్లారిపోతుందంతే.”

బావగారు కూచుని, కుతకుతలాడుతున్న పులుసు ఒక గరిటెడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, “ఆహా, చల్లగా ఉంది” అన్నారు. మా ఊరి మగవాళ్ళంతా అదే అంటారు. నాలుక బొబ్బలెక్కినా, నెత్తిన చెమటలు కారుతున్నా చల్లగానే ఉంటుంది వాళ్ళకి.

“బావగారూ, మూతి కాలి ఎర్రబడిపోయింది. చల్లగా ఉందంటారేమిటి? ఎర్ర పెన్ను తియ్యండి.”

“మల్సూన్, అది అనుభవం. అనుభవానికి వ్యాకరణం ఉండదు.”

“ఓహో. మరి మిగతావాళ్ళకి అనుభవాలు ఉండవా?”

అక్క తలొంచుకుని తన గిన్నెలోని మాంసం ముక్కలు ఏరి ఆయన గిన్నెలో వేస్తోంది. కాపురం వదిలేద్దామనుకుంటున్న మనిషి చేసే పనేనా ఇది? చేతికి అలవాటైపోయిన పని, మనసునడిగి చెయ్యదు కదా.

అక్కణ్ణించి మా బజారుకి. దారంతా గింకో చెట్ల పళ్ళు రాలి, చెప్పులకి అంటుకుని కంపుకొడుతున్నాయి. ఇనపపెనం మీద కజ్జికాయల్లాంటి పల్చటి మాందులు నూనెలో కాలుస్తున్న ఆవిడ దగ్గర బల్ల మీద కూచున్నాం. ఆవిడకి నలభై ఉంటాయేమో. డెబ్భై ఏళ్ళ బావగారు, “పిన్నీ, ఇంకో పళ్ళెం” అన్నారు. మా దగ్గర వడ్డించే ఆడవాళ్ళంతా పిన్నులే.

“బావగారూ, ఆవిడ మీ అమ్మకి చెల్లెలా?” అన్నాను.

“అది వాడుక.”

“కాఫీకి గారు తగిలిస్తే మాత్రం వాడుక కాదు.”

“మల్సూన్, నువ్వు బడికి సరిగ్గా వెళ్ళలేదు. అదీ సంగతి.”

మాందుల ఆవిడ పెనం మీంచి తలెత్తకుండా అంది. “ఏమ్మా, నన్నెవరు పిన్నీ అంటే నీకేంటి? పిన్నీ అంటే నాలుగెక్కువ వేస్తా. అదే నా వ్యాకరణం.”

బావగారికి ఆవిడ మాట భలే నచ్చింది. నాలుగెక్కువ మాందులు ఇంకా నచ్చాయి. నేను సంచీ ఒళ్ళోంచి పక్కకి మార్చాను. అది గరగరమంది. బావగారు తిరిగి చూశారు.

“ఏమిటా చప్పుడు?”

“ఎండబెట్టిన ముల్లంగాకు బావగారూ. దాసొమ్‌కి ఇద్దామని.”

“మంచిది. పులుసులోకి బావుంటుంది” అని మళ్ళీ తినడంలో పడ్డారు. ఎక్కడో ఎవరో పొల్లు మింగేస్తే ఉలిక్కిపడే చెవులవి. రాత్రీ పగలూ పక్కనే ఉన్న చప్పుడు మాత్రం ముల్లంగాకైపోయింది. అక్క నా వైపు చూసింది.

తరవాత పాతకాలపు టీకొట్టు. నల్లటి మూలికల టీలో గుడ్డు పచ్చసొన తేలేసి ఇస్తారు. రిటైరైన మాస్టర్లు, రిటైరైన పోలీసులు, రిటైరైన ప్రేమికులు అందరూ అక్కడే ఉంటారు. ఆ గోడల మీద ఎన్ని తప్పులున్నాయో, బావగారు ఒక్కటీ చూడలేదు. సొన మింగకుండా చెంచాతో అటూ ఇటూ తిప్పుతున్నారు. కాసేపయ్యాక ఎవరితోనో అన్నట్టు అన్నారు.

“దాని కొట్లో ఇలాంటి టీ దొరుకుతుందా?”

“దొరకదండీ. కాఫీ ఉంటుంది” అంది అక్క.

“పొద్దుపోయాక కాఫీ తాగితే నాకు నిద్ర పట్టదు.”

“ఇంకా పొద్దుపోలేదు.”

బావగారు లేచి, చేతులు కడుక్కునే చోట అద్దంలో చూసుకుని, నాలుగు వెంట్రుకలు తడిచేసి దువ్వుకున్నారు. నాకు అప్పుడర్థమైంది. ఈయన కూతురికి భయపడుతున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం జాలేసింది. అయితే నా జాలికి ఆయుష్షు తక్కువ. పక్క వీధిలోకి తిరిగేదాకానే బతికింది.

అక్కడ మూడంతస్తుల అద్దాల కాఫీకొట్టు ఉంది. అక్క ముందుగా ఇక్కడ చూద్దామంది. నీళ్ళ లోతు చూడ్డానికి కాలు పెట్టడంలాంటిదన్నమాట. కావలసింది చెప్పుకునేచోట మనుషుల్లేరు, ఒక తెర నిలబడి ఉంది. దాని మీద వేలు పెడితే మనమడగనివన్నీ అడుగుతుంది. బావగారు దానితో పోరాడి, వేడి కాఫీ కావాలనుకుని, మంచుముక్కల కాఫీలు మూడు తెప్పించారు. మా కుర్రకారు గడ్డకట్టే చలిలోనూ తాగేది అదే కనక, తెర కూడా అదే ఇష్టపడుతుంది. ఇంతలో కాఫీలందించే గట్టు అవతలి పిల్ల ఆ కాఫీ పేరు పెట్టి పిలిచింది.

“అమెరికానో గారు వచ్చేశారండి.”

నేను కళ్ళు మూసుకున్నాను. మూడుచోట్ల తినిపించిన తిండి ఏమైందో తెలీదు. బావగారి గొంతు కడుపు అడుగునించి గంట కొట్టినట్టు లేచింది.

“అమ్మాయీ, ఆ గారెవరు? ఎక్కణ్ణుంచొచ్చారు? బస్సులోనా?”

“తప్పని తెలుసండీ.”

“తెలిసీ అంటావా?”

“‘వచ్చింది’ అంటే తిడతారండీ. తమకి మర్యాద ఇవ్వలేదనుకుంటారు. కాఫీకి గారు తగిలిస్తే ఎవరూ ఏమీ అనరు. రోజుకి ఎంతమందిచేత తిట్లు తినమంటారు?”

“అయినా తప్పు తప్పే.”

“సరేనండీ. స్ట్రాగారు అటుపక్క ఉన్నారు” అంది ఆ పిల్ల, నవ్వకుండా.

అక్క గుక్కెడు మంచునీళ్ళలాంటి కాఫీ తాగి, నా భుజం మీది సంచీని ఒకసారి తడిమి చూసుకుంది. ఇక పరీక్ష అయిపోయినట్టేనని నాకూ అనిపించింది.

దాసొమ్ కొట్టు చిన్నది. అయిదారు బల్లలు, మూలన మేడమీదికి ఇరుకు మెట్లు. మూలికల బజారు వాసనా కాఫీ వాసనా కలిసి, ఎవరో జబ్బుపడి కులాసాగా ఉన్నట్టుంటుంది. గల్లాపెట్టె పక్కన పలక మీద పదార్థాల పేర్లు రాసి ఉన్నాయి. మూడో వరసలో ఒక అక్షరం తప్పు. నేనే పట్టుకున్నానంటే ఇక బావగారి సంగతి చెప్పేదేముంది. చెయ్యి జేబుదాకా వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.

దాసొమ్ మమ్మల్ని చూసింది. “అమ్మా, పిన్నీ, రండి” అంది. ఆ తరవాత కాస్త ఆగి, “కూచోండి” అంది. ఆ కూచోండి ఎవరికో ఎవరూ అడగలేదు.

పక్కబల్ల దగ్గర కొండెక్కే బట్టల్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ కొండా ఎక్కినట్టు లేదు, బూట్లకి దుమ్మే లేదు. దాసొమ్ అతని కాఫీ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. నాన్న కళ్ళు తన మీదే ఉన్నాయని దానికి తెలుసు. కప్పు దించి, ఒక్కొక్క మాటా తూచినట్టు పలికింది.

“మీ కాఫీ వచ్చిందండీ.”

అంత చక్కటి వాక్యం ఆ సందులో ఎవరూ పలికి ఉండరు. ఆ పెద్దమనిషి కనుబొమలు పైకి లేచాయి.

“వచ్చింది ఏంటి, వచ్చింది? కుక్కకి గిన్నె పెట్టినట్టు. డబ్బిచ్చి తాగుతున్నామమ్మా, ఊరికే కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడ్డం నేర్పలేదా నీకు?”

దాసొమ్ చెవులు ఎర్రబడ్డాయి. క్షమించండి అనబోయి, నాన్నవైపు చూసి, ఆగిపోయింది. అటు అంటే తప్పు, ఇటు అంటే తిట్టు. మింగలేక కక్కలేక నిలబడింది పిల్ల. అక్క చేతిలో జేబురుమాలు నలిగి ముద్దయింది.

బావగారు లేచారు. అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడీ మనిషికి గంటసేపు పాఠం, ఎర్ర పెన్ను, చేతులు తుడుచుకునే కాయితం మీద వ్యాకరణం బొమ్మలు, గొడవ, పోలీసులు. నేను సంచీ తీసుకుని మెట్లవైపు చూశాను కూడా.

ఆయన వెళ్ళి, అతని బల్ల మీది కప్పుని మళ్ళీ పళ్ళెంలోకి ఎత్తుకున్నారు. రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, బడిలో అధికార్లకి కూడా ఎప్పుడూ వంగనంతగా వంగి, దాన్ని తిరిగి అతని ముందు పెట్టారు.

“అయ్యా, నేర్పిన పెద్దవాణ్ణి నేనేనండీ. తప్పు నాది. మీ కాఫీగారు వచ్చేశారండి. కప్పుగారు కాస్త వేడిగా ఉన్నారు. మూతిగారు కాలకుండా చూసుకోండి.”

“ఆఁ. ఇదీ మర్యాదంటే” అన్నాడు ఆ పెద్దమనిషి, తృప్తిగా.

దాసొమ్ గబగబా వెనక్కి తిరిగి, శుభ్రంగా ఉన్న కప్పులన్నీ మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. దాని భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది, దాచుకోవడమెందుకు. బావగారు వచ్చి తన కుర్చీలో కూచున్నారు. బతుకంతా తుడిచిన తప్పుని తన నోటితో, నలుగురిలో, అంత గట్టిగా అనడం ఆ మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు.

కాసేపటికి దాసొమ్ ఆయనకి కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఏమీ అనలేదు, వచ్చిందనీ, వచ్చారనీ. ఎదురుగా కూచుని అంది.

“నాన్నా, మూతిగారు అని నేనెప్పుడూ అనలేదు.”

“తప్పులు చెయ్యడం నాకు కొత్త. కొలత తెలియలేదు” అన్నారు బావగారు. కాఫీ ఒక గుక్క తాగారు. పొగలు కక్కుతోంది. “చల్లగా ఉంది” అన్నారు.

అక్క పరీక్షలో ఆయన పాసయ్యారు. అయినా ఆ సంగతి అక్క ముఖంలో కనిపించలేదు. కప్పులోకే చూస్తూ కూచుంది. వెళ్దామని లేచినప్పుడు, అక్క కదలకముందే, బావగారు మర్యాద పొంగిపొర్లుతున్న వేడిలో ఉన్నారేమో, నా చేతిలోని సంచీ అందుకున్నారు.

“ఇలా ఇవ్వు మల్సూన్. పొద్దున్నించీ నువ్వే మోస్తున్నావు. ఆకు అమ్మాయికి ఇచ్చేద్దాం.”

సంచీ ఆయన చేతిలో ఒరిగింది. గరగరమంది. ఆయన ఆగిపోయారు. ఒకసారి నొక్కి చూశారు. మళ్ళీ గరగర. అప్పుడాయన చెవులు పనిచేశాయి. సంచీని చూశారు, మూలనున్న మెట్లు చూశారు, చివరికి మా అక్కని చూశారు. ఎన్నేళ్ళకో చూశారు.

“ఇది ముల్లంగాకు కాదు” అన్నారు.

“కాదండీ” అంది అక్క.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఇదుగో అనబోయి, మింగేశారు. పెదాలు రెండుసార్లు కదిలాయి.

“ఓక్‌బున్‌గారూ, ఇంటికి వెళ్దాం రండి.”

దాసొమ్ చేతిలోంచి చెంచా ఒకటి జారి పడింది. అక్క కళ్ళజోడు సర్దుకుంది.

“ఏమన్నారు? సరిగ్గా వినబడలేదు.”

“ఇంటికి వెళ్దాం రండి అన్నాను.”

“ఇంకోసారి చెప్పండి.”

ఆయన చెప్పారు. పక్కబల్ల పెద్దమనిషి కూడా కాఫీ ఆపి వింటున్నాడు. మూడోసారి ఎవరూ అడక్కుండానే చెప్పారు, గొంతు కాస్త చిన్నదై.

అక్క ఇంటికి వెళ్ళింది. సంచీ మాత్రం దాసొమ్ మేడమీద గదిలో పెట్టించింది, దిండుతో సహా. తెచ్చుకోమంటే, “ఉండనీ. ఇంకోటి కొనుక్కున్నాగా” అంటుంది.

ఇప్పుడు బావగారు ఆదివారం ఆదివారం ఆ కొట్టుకి వెళ్తారు. మిగతా ఊరికి ఏ మినహాయింపూ లేదు, మొన్న మాందుల ఆవిడ గొడుగు మీద కూడా దిద్దారు. దాసొమ్ పలక మీద మూడో వరసలో ఆ అక్షరం మాత్రం అలాగే తప్పుగా ఉంది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్తుంది, చూపు మేడ మెట్ల మీదికి వెళ్తుంది, చెయ్యి ఖాళీగా బయటికొస్తుంది.